విధి తప్పక కట్టుట: మూలమునుండి లినక్సు నిర్మాణమును గూర్చిన పాఠము



ఇల్లు కట్టు మేస్త్రిని మీరందరును చూచియుందురు. అతడు మొదట త్రాడు లాగి కొలత వేయును, పునాది త్రవ్వించును, మట్టము చూచును, పిమ్మటనే గోడ లేవనెత్తును. పునాది లేకుండ పైకప్పు వేయుదునని యే మేస్త్రియు ననడు. అయితే కంటికి కనబడని కట్టడమొకటి కలదు. అందు ఇటుకలు లేవు, సున్నము లేదు. అంతయు అక్షరములతోడనే కట్టబడినది. కంప్యూటరును నడిపించు వ్యవస్థయే ఆ కట్టడము. దానిని మొదటినుండి మన చేతులతో నెట్లు కట్టుకొనవచ్చునో, అట్లు కట్టునపుడు పెద్దలు వ్రాసియుంచిన విధిని తప్పక యేల యనుసరింపవలెనో యీ వ్యాసమున వివరింపదలచితిని.

1. లినక్సు అనగా నేమి?

కంప్యూటరు తనంతట తా నేమియు చేయజాలదు. మీటను నొక్కినపుడు అక్షరము తెరపై పడుటకును, వ్రాసినది డిస్కునందు నిలుచుటకును, ఒకే కాలమున పెక్కు పనులు జరుగుటకును లోపల నొక యజమాని యుండవలెను. ఆ యజమానికే కెర్నెలని పేరు. 1991వ సంవత్సరము ఆగస్టు నెలలో ఫిన్లండు దేశమునందలి హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థియైన లైనస్ టోర్వాల్డ్స్ తానొక కెర్నెలును వ్రాయుచున్నట్లు ప్రకటించెను. అప్పటి కతని వయస్సు 21 సంవత్సరములు. ఆ కెర్నెలే లినక్సు.

అయితే యజమాని యొక్కడే యున్న యింటిలో సంసారము సాగదు గదా! ఆజ్ఞలను వినునది, ఫైళ్లను సవరించునది, మనుష్యులు వ్రాసిన రచనను యంత్రభాషలోనికి మార్చునది, ఇట్టి పనిముట్లు పెక్కు కావలెను. వీనిలో ముఖ్యమైన వనేకములు గ్నూ అను ప్రయత్నము వలన కలిగినవి. అమెరికా దేశస్థుడగు రిచర్డ్ స్టాల్‌మన్ 1983వ సంవత్సరమున దానిని ప్రకటించెను. ఎవరైనను చదువుకొనుటకును, మార్చుకొనుటకును, ఇతరులకు పంచుటకును స్వాతంత్ర్యముగల ప్రోగ్రాములను సమకూర్చుట దాని యుద్దేశము. ఆ ప్రయత్నమునుండియే 1987లో జీసీసీ యను కంపైలరు వెలువడెను.

మనుష్యుడు చదువగల రూపమున వ్రాసిన ప్రోగ్రామునకు సోర్సు, అనగా మూలమని పేరు. ఆ మూలమును యంత్రము గ్రహింపగల రూపమునకు మార్చునది కంపైలరు. సామాన్యముగా జనులు డెబియన్, ఫెడోరా, ఉబుంటు మొదలగు పేరులతో ఇతరులు సిద్ధపరచి యిచ్చిన వ్యవస్థనే తెచ్చుకొని వాడుకొందురు. అందు దోష మేమియు లేదు. కాని వండిన యన్నము తినుట వేరు. వడ్లు దంచి, చెరిగి, ఎసరు పెట్టి వండుట వేరు. రెండవది చేసినవానికి బియ్యపుగింజ విలువ తెలియును.

2. దారి చూపు గ్రంథము

ఇట్లు మూలమునుండి వ్యవస్థను కట్టదలచినవారికై 1999వ సంవత్సరమున జెరార్డ్ బీక్‌మన్స్ అనువాడు ఒక గ్రంథము నారంభించెను. దాని పేరు లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్. తరువాత అనేకులు స్వచ్ఛందముగా దానిని పెంచి, దిద్ది, కాలానుగుణముగా క్రొత్త కూర్పులను వెలువరించుచు వచ్చిరి. అది యెవరికైనను ఉచితముగా లభించును. అందు దాదాపు 80 ప్యాకేజీలను ఏ క్రమమున, ఏ ఆజ్ఞలతో కట్టవలెనో, ప్రతి మెట్టునను ఏమి పరీక్షింపవలెనో వ్రాయబడియున్నది. వట్టి ఆజ్ఞలే కాక, వాని ప్రక్కనే కారణములును చెప్పబడియుండుట ఆ గ్రంథము యొక్క గొప్పతనము. ఉపాధ్యాయ శిక్షణలో మాకు నేర్పిన పాఠ్యక్రమము సరిగా నిట్టిదే: ముందు ఉద్దేశము, పిమ్మట పద్ధతి, కడపట పరీక్ష.

పని యంతయు సంగ్రహముగా నిట్లుండును. మొదట, ఇదివరకే నడుచుచున్న లినక్సు గల కంప్యూటరు కావలెను. దీనిని ఆతిథేయ మందము. అందలి పనిముట్లు తగినంత క్రొత్తవియో కావో పరీక్షింపవలెను. తరువాత డిస్కునందు ప్రత్యేకముగా నొక భాగమును విడదీయవలెను. కనీసము 10 గిగాబైట్లు కావలెననియు, తరువాతి యభివృద్ధికి 30 గిగాబైట్లు యుక్తమనియు గ్రంథము చెప్పును. పిమ్మట మూలములనన్నిటిని దింపుకొని, వాని ముద్రలను సరిచూడవలెను. ఆ మీదట తాత్కాలికమైన పనిముట్లను కట్టి, వానితో క్రొత్త యింటిలోనికి ప్రవేశించి, అక్కడ నసలైన వ్యవస్థను కట్టవలెను. కట్టకడపట కెర్నెలును కట్టి, గ్రబ్ అను ప్రారంభకమును నెలకొల్పి, కంప్యూటరును మరల మొదలుపెట్టవలెను.

ఈ పనికెంత కాలము పట్టునని మీరడుగుదురు. ఒక యంత్రము వేగముగలది, మరియొకటి మందము. కావున గంటలలో చెప్పుట కుదరదు. ఇందుకు గ్రంథకర్త లొక చక్కని యుపాయమును కనిపెట్టిరి. బిన్‌యుటిల్స్ అను మొదటి ప్యాకేజీని కట్టుటకు మీ యంత్రమునకు పట్టిన కాలమే ఒక ప్రమాణము. మీకది 4 నిమిషములైనచో, రెండున్నర ప్రమాణముల ప్యాకేజీకి 10 నిమిషములు పట్టును. తన మూరతో తాను కొలుచుకొనుట యనగా నిదియే.

3. ప్రొరుగింటి తోడు

ఒకే కంపైలరును ఏల రెండు మూడు మారులు కట్టవలెనను సందేహము ఈ గ్రంథమును చదువువారి కందరికిని కలుగును. బిన్‌యుటిల్స్ మొదటిసారి, జీసీసీ మొదటిసారి, మరల బిన్‌యుటిల్స్ రెండవసారి, జీసీసీ రెండవసారి, చివరకు క్రొత్త యింటిలో మరియొకసారి. తొందరపడువాడు ఇదంతయు వ్యర్థప్రయాస యని తలంచి, ఒక మెట్టు దాటవేయును.

మీ తల్లిగారు పెరుగు తోడుపెట్టుట చూచితిరి గదా. పాలు వాటియంతట నవి పెరుగు కానేరవు, తోడు కావలెను. ఇంటిలో తోడు లేనప్పుడు ప్రొరుగింటికి పోయి తెత్తురు. ఆ దినపు పెరుగు మన పాలతోనే తోడుకొన్నను, అందు ప్రొరుగింటి పులుపు కొంత యుండును. మరునాడు దానిలోనుండి తోడు తీసి క్రొత్త పాలలో వేయుదురు. ఇట్లు ఒకటి రెండు మారులు జరిగిన పిమ్మట అది మన యింటి పెరుగగును.

కంపైలరు విషయమును నిట్టిదే. కంపైలరును కట్టుటకు మరియొక కంపైలరు కావలెను. మొదట మనకున్నది ఆతిథేయ వ్యవస్థయందలి కంపైలరే. దానితో కట్టినదానికి ఆతిథేయుని గ్రంథాలయములతోడను, దారులతోడను సంబంధము మిగిలిపోవచ్చును. అందుచే మొదటిసారి కట్టిన కంపైలరుతో జీలిబ్‌సీ యను ముఖ్యమైన గ్రంథాలయమును కట్టుదురు. దాని యాధారముననే తక్కిన తాత్కాలికపు పనిముట్లను, రెండవ కంపైలరును కట్టుదురు. అంతట సీహెచ్‌రూట్ అను ఆజ్ఞచేత క్రొత్త యింటిలో ప్రవేశించి తలుపు మూసికొందురు. అప్పటినుండి లోపలివానికి బయటి ఫైళ్లు కనబడవు. ఒక్క మెట్టు దాటవేసినను ప్రొరుగింటి పులుపు క్రొత్త పెరుగులో మిగులును. అది వెంటనే తెలియదు. ఆతిథేయ వ్యవస్థ లేని దినమున మాత్రమే తెలియును. అప్పుడు దిద్దుకొనుటకు వీలుండదు.

అందుకే గ్రంథము నడుమ ఒక చిన్న పరీక్షను విధించుచున్నది. ఒకటి రెండు పంక్తుల ప్రోగ్రామును క్రొత్త కంపైలరుతో మార్చి, అది యే లోడరును కోరుచున్నదో యడిగి చూడవలెను. గ్రంథములో చూపిన పేరే వచ్చినచో ముందునకు సాగవచ్చును. వేరొకటి వచ్చినచో అక్కడనే నిలిచి, వెనుకకు పోయి, తప్పును కనుగొనవలెను. ఇంతవరకు వచ్చితిమి గదా యని ముందునకు సాగరాదు.

4. నేను చేసిన తప్పు

ఇతరులకు చెప్పునది నేనెట్లు నేర్చుకొంటినో దాచుట న్యాయము కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట నొక పాఠశాలలో పనిచేయుచు, సెలవు దినమున అక్కడి కంప్యూటరునందే యీ నిర్మాణమును మొదలుపెట్టితిని. ఆ యంత్రములో పదవ తరగతి పిల్లలు సోమవారమున చూపవలసిన పని యంతయు నుండెను.

గ్రంథము రెండు సంగతులు స్పష్టముగా చెప్పుచున్నది. ఒకటి: క్రొత్త వ్యవస్థ యెక్కడ నుండునో తెలుపు ఎల్‌ఎఫ్‌ఎస్ అను చరరాశికి సరియైన విలువ నిచ్చి, ఆ విలువ నిలిచియున్నదో లేదో అప్పుడప్పుడు సరిచూచుకొనవలెను. రెండు: తాత్కాలికపు పనిముట్లను రూట్ అను సర్వాధికారిగా గాక, అల్పాధికారము గల ప్రత్యేకమైన వాడుకరిగా కట్టవలెను. నాకేమో మాటిమాటికి వాడుకరిని మార్చుట విసుగనిపించెను. రూట్‌గానే పని చేయుచుంటిని. మధ్యాహ్నము భోజనమునకు పోయి వచ్చి, టెర్మినలును క్రొత్తగా తెరచితిని. క్రొత్త టెర్మినలులో ఆ చరరాశికి విలువ లేదు. అది చూడక, జీలిబ్‌సీని నెలకొల్పు ఆజ్ఞను వ్రాసి మీట నొక్కితిని.

చరరాశి శూన్యమగుటచే, క్రొత్త యింటికి పోవలసిన గ్రంథాలయము పాత యింటిలోనే దిగెను. అధికారము లేనివాడనైయుంటినేని యంత్రము నన్ను వారించియుండును; సర్వాధికారినగుటచే మారు పలుకక చేసెను. నిమిషములో యంత్రము నిలిచిపోయెను. ఫైళ్ల పేరులు చూపు అతిచిన్న ఆజ్ఞయు పనిచేయదయ్యెను. అంతట గ్రంథమును మరల తెరచి చూడగా, ఆ ఆజ్ఞకు సరిగా పైననే యొక హెచ్చరిక యున్నది: చరరాశి సరిగా లేక, రూట్‌గా పనిచేయుచున్నయెడల, ఈ ఆజ్ఞ మీ యాతిథేయ వ్యవస్థను పాడుచేయునని. నేను చేసిన తప్పును నాకంటె ముందుగానే యెరిగినవారు దానిని వ్రాసియుంచిరి. నేను దానిని చదువక దాటితిని.

పిల్లల ఫైళ్లు డిస్కులోనే యుండెను గనుక, మరియొక యంత్రమున నా డిస్కును తగిలించి వానిని బయటికి తీయగలిగితిని. రెండు రాత్రులు పట్టెను. సోమవారము ఉదయమున పిల్లలు తమ పనిని చూపిరి. వారికి జరిగినది తెలియదు. కాని తరువాత నేనే వారితో చెప్పితిని. ఏలయనగా, ఉపాధ్యాయుని తప్పు దాచబడినచో అది తప్పుగానే మిగులును, చెప్పబడినచో పాఠమగును.

ఆ రాత్రి నాకు సిరియా సేనాధిపతియైన నయమాను జ్ఞాపకమునకు వచ్చెను. ప్రవక్త యతనిని యొర్దానులో ఏడుమారులు మునుగుమనగా, అతనికి కోపము వచ్చెను. తన దేశపు నదులు ఇంతకంటె మేలైనవి కావా యని యనుకొనెను. కష్టమైన పని చెప్పియుండినచో చేసియుండునేమో. సులభమైనది చెప్పుటచే తృణీకరించెను. నేనును అంతే. కఠినమైన ఆజ్ఞలను శ్రద్ధగా వ్రాసితిని. వాడుకరిని మార్చుమను చిన్న మాటను లెక్కచేయనైతిని.

5. తప్పక పాటింపవలసినవి

ఈ పనికి పూనుకొనువారికి ముఖ్యమైన సూత్రములను కారణములతో కూడ క్రింద వ్రాయుచున్నాను.

మొదటిది: గ్రంథములో చెప్పిన కూర్పులనే వాడవలెను. ఒక ప్యాకేజీయొక్క మరింత క్రొత్త కూర్పు దొరికినదని దానిని చేర్చరాదు. ఈ 80 ప్యాకేజీలును ఒకదానితో నొకటి కలిసి పనిచేయునట్లు పరీక్షింపబడినవి. మీరు మార్చినదానిని మీతో కలిసి పరీక్షించినవా రెవ్వరును లేరు.

రెండవది: క్రమమును తప్పరాదు. ముందు కట్టినది వెనుకటిదానికి ఆధారము.

మూడవది: ఒక ప్యాకేజీని కట్టుట పూర్తికాగానే, విప్పిన డైరెక్టరీని తొలగింపవలెను. అదే ప్యాకేజీని మరల కట్టవలసినపుడు మూటను క్రొత్తగా విప్పవలెను. ఎంగిలి పళ్లెములో మరల వడ్డించుకొనరాదు. మొదటిసారి మిగిలిన ఫైళ్లు రెండవసారి పనిని చెరచును.

నాల్గవది: ఆజ్ఞలను అక్షరము తప్పక వ్రాయవలెను. ఒక పంక్తి చివర బ్యాక్‌స్లాష్ గుర్తు ఉన్నచో, ఆజ్ఞ తరువాతి పంక్తికి సాగుచున్నదని యర్థము. ఆ గుర్తు పిమ్మట వెంటనే పంక్తి మారవలెను. ఒక్క ఖాళీస్థలము మిగిలినను అర్థము మారిపోవును. ఛందస్సులో నొక మాత్ర హెచ్చినను పద్యము చెడును గదా!

ఐదవది: కంపైలరుకు అధికవేగపు టాజ్ఞలు తగిలించి, ప్రోగ్రాములను మరింత చురుకుగా చేయుదమను ఆశ పెట్టుకొనరాదు. అందువలన కలుగు లాభము స్వల్పము. ప్రోగ్రాము కట్టబడకపోవుటయో, తప్పుగా నడచుటయో సంభవింపవచ్చును.

ఆరవది: జీలిబ్‌సీ, బిన్‌యుటిల్స్, జీసీసీ యను మూడింటి పరీక్షలను ఎంత కాలము పట్టినను మానరాదు. తక్కినవన్నియు వీనిమీదనే నిలుచును. కొన్ని పరీక్షలు తప్పుట సహజమని గ్రంథమే చెప్పును. అట్లు తప్పునవి యేవో పోల్చి చూచుకొనవలెను.

6. విధేయత గ్రుడ్డితనము కాదు

ఇక నొక ప్రశ్న మిగులును. వ్రాసినట్లే చేయుమన్నచో బుద్ధి యెందులకు? ఇది మంచి ప్రశ్నయే. దీనికి ఇటీవలి యొక యుదాహరణము చెప్పెదను.

మన గ్రంథమునందలి ప్యాకేజీలలో ఎక్స్‌జెడ్ అనునది యొకటి. ఫైళ్లను కుదించి చిన్నవిగా చేయుట దాని పని. దానిని కాపాడువారిలో చేరిన యొకడు రెండు సంవత్సరములకు పైగా మంచి పని చేసి విశ్వాసమును సంపాదించి, 2024వ సంవత్సరము మొదట వెలువడిన 5.6.0, 5.6.1 అను కూర్పులలో రహస్యమైన దొంగదారిని చొప్పించెను. దూరమునుండి కంప్యూటరులో ప్రవేశించుటకు వాడు ఎస్‌ఎస్‌హెచ్ అను ద్వారమును తెరచుట ఆ దొంగదారి యుద్దేశము. మూటను సిద్ధపరచినవాడే ద్రోహియగుటచే, ముద్ర సరిచూచినను తెలియదు. ముద్ర సరిగానే యుండెను.

దీనిని కనుగొన్నవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్. అతడు పోస్ట్‌గ్రెస్ అను దత్తాంశ వ్యవస్థపై పనిచేయువాడు. తన ప్రోగ్రాముల వేగమును కొలుచుచుండగా, ఎస్‌ఎస్‌హెచ్ ప్రవేశమునకు మునుపటికంటె దాదాపు అర సెకను అధికముగా పట్టుచున్నట్లు గమనించెను. మరియొకడైనచో అర సెకనేగదా యని విడిచిపెట్టియుండును. అతడు విడువక, కారణమును వెదకి, 2024 మార్చి 29వ తేదీన లోకమునకు తెలియజేసెను. ఆ కూర్పులు ఎక్కువగా వ్యాపింపకముందే నిలుపబడినవి.

విద్యార్థులారా, ఇందలి సూక్ష్మమును గ్రహింపుడు. అర సెకను అధికమని యతనికెట్లు తెలిసెను? మామూలుగా నెంత పట్టునో యతడెరిగియుండుటచేతనే. సరియైన కొలత తెలిసినవానికే కొలత తప్పినది కనబడును. ప్రతి మెట్టును తన యిష్టము వచ్చినట్లు మార్చుకొని కట్టినవానికి, తప్పు దొరలినపుడు అది గ్రంథమువలన కలిగినదో, యంత్రమువలన కలిగినదో, తన మార్పువలన కలిగినదో యెట్లు తెలియును? విధిని పూర్తిగా పాటించినవాని కన్ను మాత్రమే విధికి విరుద్ధమైనదానిని పట్టుకొనును. కావున విధేయత బుద్ధికి శత్రువు కాదు. బుద్ధికి అది కొలబద్ద.

గ్రంథమును సంపూర్ణముగా నమ్మి కూర్చుండుమని దాని కర్తలే చెప్పలేదు. కూర్పు వెలువడిన తరువాత కనబడిన తప్పులను, భద్రతా హెచ్చరికలను వేరుగా ప్రకటించుచు, పని మొదలుపెట్టుటకు ముందు వానిని చదువుమని కోరుచున్నారు. తమ తప్పును తామే ప్రకటించు గ్రంథము నమ్మదగినది.

7. ముగింపు

మొదటి పర్యాయము గ్రంథమును అక్షరము తప్పక యనుసరింపుడు. రెండవ పర్యాయము ప్రతి ఆజ్ఞకును కారణమేమో ఆలోచించుచు అనుసరింపుడు. మూడవ పర్యాయము మీకు తోచిన మార్పును ఒక్కటొక్కటిగా చేయుడు. అప్పుడు ఫలమేమో మీకే తెలియును. సంగీతము నేర్చువాడు సరళీ వరుసలు పాడిన పిమ్మటనే మనోధర్మమునకు పూనుకొనును. సరళులు పాడని మనోధర్మము శ్రుతి తప్పును.

కట్టడము పూర్తియై, కంప్యూటరు మరల మొదలై, నల్లని తెరపై మీరు కట్టిన వ్యవస్థ మీ పేరు నడిగిన క్షణమున కలుగు సంతోషము సామాన్యమైనది కాదు. ఆ సంతోషమునకు మీరందరును పాత్రులగుదురు గాక. అయితే ఆ క్షణమునకు ముందు, చిన్న యాజ్ఞను చదువుటకు నిలిచిన క్షణము లనేకములుండవలెను. నా మాట కాదు, ఆ రెండు రాత్రుల మాట నమ్ముడు.

అభ్యాస ప్రశ్నలు

1. కంపైలరును ఒకటి కంటె నెక్కువ పర్యాయములు కట్టుటకు కారణమేమి? తోడు దృష్టాంతముతో వివరింపుము.

2. అల్పాధికారము గల వాడుకరిగా పనిచేయుటవలన కలుగు రక్షణ యెట్టిది?

3. నీ యింటి కంప్యూటరులో మొదటి ప్యాకేజీకి 6 నిమిషములు పట్టినచో, మూడున్నర ప్రమాణముల ప్యాకేజీ కెంత కాలము పట్టును?

4. ముద్ర సరిగా నున్నను మూట సరియైనదని యేల నిశ్చయింపలేము?